పాటల జీపు

హారన్ మోగిన మరుక్షణం చెక్కభజన బృందం పత్తిచేలో పడి మాయమైపోయింది.

అందరూ డెబ్బై దాటినవాళ్ళే. అప్పటిదాకా పాలకేంద్రం అరుగు మీద తలపాగాలు చుట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, మార్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. తనకు మోకాళ్ళ నొప్పులని ఫోన్లో అరగంట చెప్పుకున్న బృందం పెద్దాయన అందరికంటే ముందు కంచె దూకాడు.

మార్క్ స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్క సీట్లో, హైదరాబాదు టూర్ల కంపెనీ నుంచి వచ్చిన శ్రీదివ్య రికార్డర్ బయటికి చాపింది. చేలో గజ్జెల చప్పుడు దూరమవుతూ వినిపిస్తోంది.

"ఇది కూడా ప్రోగ్రామ్‌లో భాగమేనా అండీ?"

"అవునండీ. పొలంలోకి వెళ్ళి మొదలుపెట్టడం ఇక్కడి పద్ధతి" అన్నాడు మార్క్. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే మనిషి కాబట్టి, అబద్ధమాడినందుకు లోలోపలే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూశారు. పొలంలోకి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు.

పాతకాలపు బండిలో పల్లెపాటల యాత్ర. ఇదీ మార్క్ కొత్తగా పెట్టిన వ్యాపారం. చిలకలూరిపేటలో పాత ఇనుము కొట్టు నడిపే బుడాన్ దగ్గర ఈ జీపు దొరికింది. యాభై ఏళ్ళ కిందటి సర్కారు బండి. ఏ ఆఫీసుదో బుడాన్‌కే తెలియదు. మార్క్ వెతికి వెతికి దానికి అప్పటి రంగే వేయించాడు. మూగబోయిన అప్పటి హారన్నే బాగుచేయించాడు. కొత్త హారన్ పెట్టించుకోమని బుడాన్ మొత్తుకుంటే, "పాతదనమే కదా భాయ్ మన సరుకు" అన్నాడు.

ఇవాళ్టి ప్రయాణం శ్రీదివ్యకు నచ్చితే నెలనెలా హైదరాబాదు నుంచి గుంపుల్ని పంపుతుంది. నచ్చకపోతే మార్క్ సోమవారం నుంచి బావమరిది పనిచేసే స్పిన్నింగ్ మిల్లులో చేరాలి. భార్య శాంతితో కుదిరిన ఒప్పందం అది. ఆ మిల్లు మోత తలుచుకుంటేనే అతనికి ఏడుపొస్తుంది.

రెండో ఊళ్ళో పాస్టర్ ప్రభు గేటు దాకా ఎదురొచ్చాడు. పాత కీర్తనలు పాడే తాతలూ అమ్మమ్మలూ చర్చిలో డోలకుతో సిద్ధంగా ఉన్నారని చెప్పాడు. ఆ సంతోషం పట్టలేక మార్క్ ఒక్కసారి హారన్ కొట్టాడు.

లోపల డోలకు కిందపడిన చప్పుడయింది. తాతలు వెనక గోడ దూకి మిరపతోటలోకి ఉరికారు. అమ్మమ్మలు మాత్రం కదల్లేదు. చెంగులు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వుతున్నారు.

"ఏమయ్యోవ్! నీ వయసేంటి, ఆ పరుగేంటి! ఇప్పుడు నిన్నెవరు పట్టుకెళ్తారయ్యా!" అని ఎలీసమ్మ మొగుడి వెనకాల కేకేసింది.

"ఏమైందమ్మా వాళ్ళకి?" అన్నాడు పాస్టర్. ఆయనకింకా నలభై నిండలేదు.

"మీకెందుకులెండి అయ్యగారూ, మీరప్పటికి పుట్టనే లేదు" అంది ఎలీసమ్మ. మళ్ళీ నవ్వులు. మనం పాడదాం పట్టండర్రా అని ఆవిడే పల్లవి ఎత్తుకుంది గానీ, సగంలో ఎవరో కిసుక్కుమనేసరికి కీర్తన అక్కడితో ఆగిపోయింది.

శ్రీదివ్య రికార్డర్ కట్టేసింది.

"మార్క్ గారూ, నిజం చెప్పండి. ఈ ముసలివాళ్ళకి మీరేమైనా అపకారం చేశారా?"

"లేదండీ, మా అమ్మ మీద ఒట్టు."

పొదిలి దాటాక మూడో ఊరు. ఇక్కడ తత్వాలు పాడే బృందం ఉంది. ఈసారి మార్క్ హారన్ జోలికే పోలేదు. అయినా గోరుచుట్టు మీద రోకటిపోటులా, దూరం నుంచి జీపు రంగు చూడగానే పెద్దవాళ్ళంతా కందిచేలో దిగిపోయారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒక్క పిచ్చయ్య మాత్రం వేపచెట్టు కింద నులకమంచం మీద తంబుర పట్టుకుని కూర్చున్నాడు. ఎనభై ఏళ్ళుంటాయి.

"రాండి రాండి, కూకోండి" అని పాట మొదలుపెట్టాడు.

ఏం గొంతు అది! ఒక్కో చరణం దగ్గర మార్క్‌కి ఒళ్ళు జలదరించింది. ఆకలి సంగతి ఇద్దరూ మర్చిపోయారు. పాట అయ్యాక శ్రీదివ్య మార్క్‌ని పక్కకి పిలిచింది.

"ఈయన బంగారం. కానీ ఒక్కరి కోసం గుంపుల్ని ఎలా పంపనండీ? మిగతావాళ్ళు ఎందుకు పారిపోతున్నారో కనుక్కోండి. అది సర్దుకుంటే వచ్చే నెలే మొదలుపెడదాం. లేదంటే నన్ను వదిలెయ్యండి."

ఆమె వెళ్ళి జీపులో కూర్చుంది. మార్క్‌కి స్పిన్నింగ్ మిల్లు గేటు కళ్ళ ముందు కనిపించింది. వచ్చి పిచ్చయ్య మంచం పక్కన చతికిలబడ్డాడు.

"తాతా, నీకు దణ్ణం పెడతా. నా బతుకు నీ చేతిలో ఉంది. ఏ ఊరెళ్ళినా మీ వయసోళ్ళంతా బండిని చూసి పరుగో పరుగు. నువ్వొక్కడివే బెదరకుండా కూర్చున్నావు. ఎందుకని?"

పిచ్చయ్య తంబుర పక్కన పెట్టాడు. జీపు వంక తిరిగి, దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు తలాడించాడు.

"నాకింకేం భయంరా అబ్బాయ్, ఎమర్జెన్సీలో ఈ జీపులోనే పట్టుకెళ్ళి నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేశారుగా!"