ఒంటరి సాధన

కీర్తిక నల్ల కొవ్వొత్తి వెలిగించి తూర్పుకు తిరిగింది.

తూర్పంటే, పరాయి దేశంలో, యూ టీ రైలు స్టేషన్ పక్కనున్న ఆ ఫ్లాట్‌కి, వంటింటి కిటికీ. కింద రైలు వెళ్తే గిన్నెలు సన్నగా మోగుతాయి. ఆ మోత ఆగేదాకా కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత గాలిని పిలిచింది. దక్షిణానికి తిరిగి నిప్పును, పడమరకు తిరిగి నీటిని, ఉత్తరానికి తిరిగి మట్టిని పిలిచింది. గొంతు బయటికి రాకుండా, ఉత్త పెదవులతో.

ఇవేవీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త శ్రీనాథ్ వన్-నార్త్‌లోని తన ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలాక, లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. మిగతాది వీడియోలు చూసి పట్టుకుంది. చంద్రుణ్ని, చెట్టూచేమను, పాత దేవతలను కొలిచే మంత్రవిద్య అది. గుంపుగా చేసేవాళ్లుంటారు, ఒంటరిగా చేసేవాళ్లుంటారు. ఒంటరివాళ్లకు గురువు అక్కర్లేదు, సంకల్పమే మంత్రం అంది పుస్తకం. ఆ మాటే ఆమెకు నచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఉంది అందులో. నువ్వు పంపినది మూడింతలై నీకే తిరిగొస్తుందని. కీర్తిక ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత పేజీ తిప్పేసింది.

మొదట్లో ఏదీ కుదిరేది కాదు. కొవ్వొత్తి మధ్యలో కొండెక్కేది. రోజ్‌మేరీ పొగకు దగ్గొచ్చేది. అయినా వదల్లేదు. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని రోజూ కూర్చునేది. పొద్దునా సాయంత్రం ఆసుపత్రి.

శ్రీనాథ్ మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ అయింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"లేవచ్చు. లేవకపోవచ్చు" అన్నాడు డాక్టర్.

"ఏదో ఒకటి చెప్పండి" అంది కీర్తిక.

డాక్టర్ ఆమె వైపు జాలిగా చూశాడు.

ఆ రోజు మధ్యాహ్నం పొగవాసనకు నాగమల్లేశ్వరి లేచి వచ్చింది. కొడుకు కోసం తెనాలి నుంచి పరుగున వచ్చిన మనిషి. వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఏవిటమ్మాయ్ ఇదంతా? నల్ల కొవ్వొత్తులూ, ఉప్పు గీతలూ... చేతబడా?"

"కాదత్తయ్యా. ప్రకృతిని అడగడం. అంతే."

"మావాడి కోసమేనా?"

కీర్తిక తలెత్తింది. "ఆయన కోసమే."

పెద్దావిడ కళ్లు నిండాయి. తడుముకుంటూ వచ్చి కోడలి పక్కన కూలబడింది. "వాడికి కోపమే గానీ మనసు వెన్నమ్మా. నీకు తెలీందేముంది. నేను మొక్కని దేవుడు లేడు. నీ దేవతలైనా వింటే చాలు. ఏం కావాలో చెప్పు, నేను తెస్తా."

కీర్తిక నల్లదారం ఉండ చేతిలోకి తీసుకుంది.

"ఆయన వెంట్రుకలు ఉంటే బాగుంటుంది" అంది.

నాగమల్లేశ్వరి లేచి వెళ్లి కొడుకు దువ్వెన వెతికి తెచ్చింది. పళ్ల మధ్య చిక్కుకున్నవాటిని ఒక్కొక్కటే తీసి, తమలపాకులో పెట్టి, రెండు చేతులతో అందించింది.

కీర్తిక వాటిని నల్లదారంతో చుట్టింది. ముడి మీద ముడి వేసింది. మనసులో అనుకోవలసింది అనుకుంది. కారిడార్‌లోని రోజ్‌మేరీ కుండీలో లోతుగా పాతిపెట్టింది. మర్నాటి నుంచి పెద్దావిడే స్నానం చేసొచ్చి ఆ కుండీకి నీళ్లు పోసి దణ్ణం పెట్టేది.

"నీ పూజలో ఏదో ఉందమ్మాయ్" అంది ఒకసారి. "పిల్ల చూడు, పక్క తడపడం మానేసింది."

ప్రణవికి ఏడేళ్లు. కార్న్‌ఫ్లేక్స్ తింటూ తలెత్తి, స్కూల్లో పట్టుబడ్డ ఇక్కడి ఇంగ్లీషు యాసలో అంది. "ఐ యామ్ బిగ్ గర్ల్ నౌ లా, నానమ్మా." తర్వాత చెంచా ఆపి తల్లిని అడిగింది. "డాడీ కమింగ్ హోమ్ ఆ?"

"నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు. అమ్మ చూసుకుంటుంది."

ప్రణవి తలూపి మళ్లీ తినసాగింది.

రోజులు గడిచాయి. ఆసుపత్రిలో ఏ మార్పూ లేదు. కీర్తిక చిక్కిపోయింది. పౌర్ణమికి ఉపవాసం, అమావాస్యకు ఉపవాసం. అర్చన చేయించొచ్చిన ప్రతిసారీ నాగమల్లేశ్వరి బొట్టు ముందు కోడలికే పెట్టేది. ఇలాంటి ఇల్లాలు ఎవరికి దొరుకుతుందని తెనాలికి ఫోన్ చేసి చెప్పేది.

ఒక ఉదయం కీర్తిక ప్రణవికి స్కూలుకు జడ వేస్తుంటే ఫోన్ మోగింది. అవతల నర్సు గొంతులో సంతోషం పొంగుతోంది.

శ్రీనాథ్ కళ్లు తెరిచాడు.

వాళ్లు వెళ్లేసరికి అతను దిండుకు ఆనుకుని ఉన్నాడు. తల్లిని చూశాడు. కూతురు అమ్మ వెనక్కి తప్పుకుంది. అతని చూపు కీర్తిక మీద ఆగింది. చెయ్యి చాచి ఆమె చేతిని పట్టుకున్నాడు.

"పట్టు బలంగానే ఉంది" అన్నాడు డాక్టర్ నవ్వుతూ. "ఇంత త్వరగా అనుకోలేదు. వారంలో ఇంటికి పంపేస్తాం."

నాగమల్లేశ్వరి వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ చూస్తుండగా కోడలి కాళ్ల మీదకు వంగింది. "నా బిడ్డను నువ్వే తెచ్చావు తల్లీ! ఆ దేవతలు నీ మాటే విన్నారు!"

కీర్తిక ఆవిణ్ని లేపబోయి తనే నేల మీద కూలిపోయింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఊపిరాడనట్టు ఏడ్చింది. నర్సు వచ్చి వీపు నిమిరింది. ఇలాంటి ఆనందబాష్పాలు చూసే ఉద్యోగం ఎవరికి దొరుకుతుందంటూ పక్కనున్న నర్సు కూడా కళ్లు తుడుచుకుంది.

పుస్తకం తెరిచిన మొదటి రోజు నుంచీ కీర్తిక కోరుకున్నది ఒక్కటే, ఆ మనిషి మళ్లీ తన ఇంటి గడప తొక్కకూడదని.