ఎద్దు పొడిచిన గాయం

“తుపాకి దెబ్బ అని రాయకు, బిడ్డా!” దవాఖాన కాంపౌండర్ కొమురయ్య, కొత్తగా పని నేర్చుకుంటున్న సుగుణ చెయ్యి పట్టుకున్నాడు. “రాస్తే ఈన్ని సర్కారు మీద కొట్లాడే సంఘపోడని మిల్ట్రీవాళ్లు మంచం మీదికెళ్లే గుంజుకపోతరు.”

“మరేం రాయాలె, తాతా?”

“ఎద్దు పొడిచిన గాయం. గీడ అందరికి గట్లనే రాస్తం.”

సుగుణ కలం ఆగిపోయింది.

“పోయినేడు మునగాల నుంచి మా తమ్మున్ని గూడ గీడికే తెచ్చిండ్రు. కట్లు కట్టిన శవంతోటి గదే కాగితం ఇచ్చిండ్రు.”

కొమురయ్య తల దించుకున్నాడు. “వాన్ని బతికించాలనే రాసినం, బిడ్డా.”

“మా నాయిన నమ్మిండు. తమ్ముడు పెంచిన ఎద్దును కొట్టంల కట్టేసిండు. గొడ్డలెత్తితే అది నాయిన చెయ్యి నాకింది, తాతా.”

మంచం మీద మనిషి మూలిగాడు.

సుగుణ “ఎద్దు పొడిచిన గాయం” అని రాసింది.