దేవి టీచర్ పేజీ

సన్యాసిరాజు మాస్టారు ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్ ఆపగానే ఫోన్ మోగింది.

"పొద్దుగాల్నుంచి ఎంగేజే వస్తున్నది సార్. దేవి టీచర్ పేజీ మీదేనా?"

మాస్టారు రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నారు.

ఆ పేజీని నెట్‌లో పెట్టి వారమైంది. చేయడానికి అయిదు నెలలు పట్టింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో, పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో వెతుక్కుంటూ నేర్చుకున్నారు. ఉచితంగా చోటిచ్చే సైటొకటి చూసుకుని అందులో పెట్టారు. భార్య దేవి పోయి అప్పటికి ఏడాది.

పేజీలో పైన ఆమె ఫోటో, పోయిన తేదీ. కింద ఆమె చెప్పిన తెలుగు పాఠాలు. అడుగున ఆయన ఫోన్ నంబరు.

ఆయన కోరిక ఒకటే. తను కాక ఇంకొకరు ఆమెను తలుచుకోవాలి. ఒక్కరైనా ఫోన్ చేసి, ఆవిడ నాకు తెలుసు అనాలి.

వారంలో పేజీని నలభై ఒక్కసార్లు చూశారని కింద అంకె చూపిస్తోంది. అందులో చాలావరకు చూసింది తనేనని ఆయనకు తెలుసు.

"మాదేనండి. దేవి మీకు తెలుసా?"

"ఫోటో వస్తలేదు సార్. ఖాళీ డబ్బాల ఎర్ర ఇంటూ గుర్తున్నది. జెర మంచిగ పెట్టుండ్రి."

"మీరెవరు?"

"నా పేరు ఐలయ్య. కాప్రాల నెట్ షాపు కెళ్లి మాట్లాడుతున్న."

"ఆవిడ మీకెలా తెలుసు?"



"అది ఫోన్ల చెప్పేది కాదు సార్. టీచరమ్మ మొఖం ఒక్కసారి చూద్దామని."

మాస్టారు మళ్లీ నెట్ పెట్టి చూసుకున్నారు. దేవి నవ్వుతూనే ఉంది.

మర్నాడు మళ్లీ ఫోన్.

"సార్, ఫోటో ఇంకా రాలే."

"నాకు బాగానే కనపడుతోందయ్యా. నీ కంప్యూటర్లోనే ఏదో తేడా ఉంది."

"మూడు కంప్యూటర్లల్ల చూసిన సార్. పరేషాన్ చేస్తున్ననని అనుకోకుండ్రి. రమ్మంటే మీ ఇంటికే వస్తా. గడప కాడ నిలబడి చూసి పోతా."

"పాఠాలు చదివావా?"

"అవి నాకెరుకే సార్. నాకు ఫోటోనే కావాలె."

మాస్టారికి ఒళ్లు మండింది. ఎవరో మగవాడు తన భార్య ఫోటో చూపించమంటున్నాడు. ఎలా తెలుసంటే చెప్పడు.

"ఏటండీ మీ గోల? ఆడవాళ్ల ఫోటోలు చూడాలంటే నెట్‌లో వేరే చోట్లు బోలెడున్నాయి. అక్కడికి పొండి!"



"గట్లనకుండ్రి సార్," అన్నాడు ఐలయ్య మెల్లగా. "నేను ఇయ్యాలొక్కదినమే ఉంట. రేపు పొద్దుగాల పోవాలె."

మాస్టారు ఫోన్ పెట్టేశారు. మళ్లీ మోగితే తీయలేదు.

మర్నాడు స్కూల్లో కంప్యూటర్ టీచర్ ఉమేరా ఆయన్ని ఆపింది.

"సర్, మీ వెబ్‌సైట్ మాకు చూపించరా? తెలుగు మాస్టారు కూడా సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోతున్నారని స్టాఫ్‌రూమంతా ఒకటే గోల!"

ఆయన నవ్వి, ల్యాబ్‌లో పేజీ తెరిచారు.

పాఠాలు వచ్చాయి. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా, మూలన ఎర్ర ఇంటూ గుర్తు.

"ఇంట్లో కనపడుతుందమ్మా. రోజూ చూస్తాను."

ఉమేరా పేజీ వెనక ఆయన రాసిన వరుసలు చూసింది.

"ఫోటో ఎక్కడుందో చెప్పేచోట మీ ఇంటి కంప్యూటర్ అడ్రసే రాశారు సర్. అసలు ఫోటో నెట్‌లోకి వెళ్లనే లేదు."

"అంటే?"

ఉమేరా గొంతు తగ్గించింది.

"ఇన్ని రోజులూ మేడమ్ మీ ఒక్కరికే కనపడ్డారు సర్."

మాస్టారు సగంరోజు సెలవు పెట్టి ఇంటికెళ్లారు. ఉమేరా చెప్పినట్టే ఫోటో ఎక్కించారు. స్కూటర్ తీసి కాప్రా బయల్దేరారు. దారిపొడవునా క్షమాపణకు మాటలు వెతుక్కున్నారు. తెలుగు మాస్టారికి ఒక్కటీ దొరకలేదు.

చెరువు దగ్గర వాకబు చేస్తే నెట్ షాపు దొరికింది. మెహరాజ్ అనే అమ్మాయి నడుపుతోంది.

"ఐలయ్యగారు ఉన్నారా అమ్మా?"

"పొద్దుగాల్నే పోయిండు సార్. నిన్న దుకాణం బంద్ చేసేదాక ఈడనే కూసున్నడు. ఇంకోసారి తెరువు బేటీ, ఇంకోసారి తెరువు అని ఒకటే తక్లీఫ్."

మాస్టారు పేజీ తెరవమన్నారు.

దేవి పైనుంచి కొంచెం కొంచెంగా దిగివచ్చింది. పాపిడి, నుదురు, కళ్లు, నవ్వు.

"అయ్యో! ఇయ్యాల వచ్చిందా?" అంది మెహరాజ్.

"ఆయన మళ్లీ ఎప్పుడొస్తారు?"

"ఇప్పట్ల రాడు సార్. పెరోల్ అయిపోయింది."

"పెరోలా?"

"జైల్ల ఉంటడు కద సార్. ఓపెన్ స్కూల్ పరీక్షలకు ఈయన రాసిన జవాబులన్ని ఈ టీచరమ్మనే దిద్ది పోస్టుల పంపేదట. ఏడాది నుంచి కాయితాలు వస్తలేవు, ఏమైందో చూడు బేటీ అని పేరు కొట్టిచ్చి వెతికిచ్చిండు."

మెహరాజ్ తెర మీది ముఖాన్ని చూస్తూ అంది.

"ఆమె చేతిరాత మీదనే చదువు నేర్చి జైల్ల పది పాసయిండు సార్, ఆమె సంతకం ఎరుకే గని మొఖం ఎన్నడు చూడలే."