తీతువు తల్లి కుంటి ఆట

ఇందులో ఈకంత అబద్ధముందనే మొనగాడుంటే ఇప్పుడే లేచి నిలబడాలి!

తీతువు పిట్ట చెంగమ్మ కేకేస్తే ఏడు గుట్టల అవతల పాములు పుట్టల్లో దూరేవి. ఆమె కూతురు బుజ్జాయికి వయసొచ్చింది గానీ ఎగరడం రాలేదు, భయమంటే ఏమిటో తెలియదు. నక్క వచ్చినప్పుడల్లా చెంగమ్మ రెక్క విరిగినట్టు కుంటుతూ నక్కను బుజ్జాయికి దూరంగా లాక్కుపోయి, తుర్రుమని ఎగిరేది. తీతువు తల్లుల విద్యే అది.

ఆ ఎండాకాలం నక్క మళ్లీ వచ్చింది. చెంగమ్మ కుంటడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేనూ ఆడతా!" అంటూ బుజ్జాయి గడ్డిలోంచి బయటికొచ్చి, నవ్వుతూ నక్క పక్కనే కుంటింది.

"దాక్కోవే నా తల్లీ!"

"ఊహూఁ, ముందు నువ్వు ఎగురు!"

"ముసల్దానా, ఇక నీ వేషాలు చాలు. లేతమాంసం తనే నడిచొచ్చింది," అని నక్క కూతురి వైపు తిరిగింది.

పిడుగు కూడా అంత వేగంగా పడదు. చెంగమ్మ నేరుగా నక్క నోట్లోనే పడింది. నోరు నిండిన నక్క గుట్టెక్కి వెళ్లిపోయింది.

"అమ్మ ఎంత బాగా ఆడిందో!" అని బుజ్జాయి మురిసిపోయింది. తల్లి ఎప్పుడు ఎగిరొస్తుందా అని ఆకాశం చూస్తూ ఇప్పటికీ అక్కడే కూర్చునుంది.

నమ్మరా? రోజూ దానికి పురుగులు తెచ్చిపెట్టే తాబేలు గవరమ్మను అడగండి.