తలుపు వెనక బిందె

ఫిల్మ్‌నగర్ బండల మీద షూటింగ్ కోసం కొత్తగా కట్టిన కాలువ పడవ అది. కెమెరాకు కనపడే సగమే కట్టారు. గది వెనక తలుపు తీస్తే అవతల వెదురు గుంజలు, కింద లోయ.

రేపు పొద్దున్నే అందులో హీరోయిన్ కాపురం పెట్టే సీను. "సంసారం కనపడట్లేదయ్యా" అంటూ డైరెక్టర్ ఇప్పటికే మూడుసార్లు సామాను మార్పించాడు. చీకటి పడ్డాక కూడా సర్దుతూనే ఉన్న ఆర్ట్ అసిస్టెంట్ బెన్‌హర్‌కు ఒళ్లు మండిపోతోంది. పొయ్యి, చాప, దండెం అన్నీ కుదిరాయి. ఇత్తడి బిందె ఒక్కటే ఇంకా రాలేదు.

"హైమా! బిందె తేవడానికి ఎంతసేపు?" అని సహాయకురాలి మీద అరిచాడు.

వెనక తలుపు కిర్రుమంది. సందులోంచి గాజుల చెయ్యి బిందె అందించింది. అతను చూడకుండానే అందుకున్నాడు. బరువుకు భుజం లాగేసింది. బిందె నిండా నీళ్లు, కాలువ బురద వాసన.

"ఖాళీ బిందె చాలని చెప్పానా లేదా? నీళ్లెందుకు పోశావు?"

"ఏం నీళ్లు సార్?" హైమ గొంతు ముందువైపు, కిందున్న లారీలోంచి వినిపించింది. "బిందె గీడనే ఉంది. ఇప్పుడే దింపుతున్న."

బెన్‌హర్ వెనక తలుపు వైపు తిరిగాడు. తలుపు అవతల నీళ్లు మెల్లగా పడవను తడుతున్నాయి.

"కొత్త పడవలోకి ఖాళీ బిందెతో ఎక్కుతారా ఎవరైనా?" తలుపు వెనక ఆడగొంతు విసుక్కుంది. "ఊఁ, ఇంకోటి కూడా అందుకో."