మూడో గుంత నీళ్లు

కొబ్బరికాయ రెండు చెక్కలుగా సమంగా పగిలేసరికి నీలవ్వ ముఖం వెలిగిపోయింది. మోరీ నీళ్లొచ్చే పైపుకు పూజేమిటని పక్కింటి వెంకవ్వ నవ్వింది. కొత్త బర్రె వచ్చినా, కుట్టుమిషను వచ్చినా పసుపూ కుంకుమా పెట్టందే ముట్టుకోని ఊళ్లో, ఈ పైపు ఒక్కటే ఏం పాపం చేసిందని నీలవ్వ ఎదురడిగింది. చెయ్యాల్సిందేదో ఎక్కడా తక్కువ చెయ్యకుండా చేసి, దండం పెట్టి పక్కకు జరిగింది.

ఆమె హడావుడికి కారణముంది. ఆర్మూర్‌కు దగ్గరలోని ఆ ఊళ్లో మోరీలన్నీ పల్లానికి పారి నీలవ్వ గడప ముందే ఆగేవి. ముక్కుకు కొంగు కట్టుకుని బీడీలు చుట్టేది పాపం. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కళ్లాల దగ్గర ఒంపిన పచ్చటి నీళ్లు కూడా వచ్చి చేరేవి. చుట్టాలు మంచినీళ్లైనా ముట్టకుండా లేచిపోయేవాళ్లు. చివరికి కూతురు భాగ్యవ్వను తొలి కాన్పుకు ఆ కంపులోకి పంపేది లేదని అత్తగారు తేల్చి చెప్పేసింది.

అందుకే ఇంజనీరు దేవిదాస్ మురుగు వడకట్టే గుంతలు తవ్వాలంటే నీలవ్వ తన పెరడు ఇచ్చేసింది. మొదటి గుంతలో మడ్డి అడుక్కి దిగాలి, రెండోదాంట్లో ఇసుకా కంకరా వడకట్టాలి, మూడోదాంట్లో నాటిన తుంగగడ్డి మిగిలింది పీల్చుకోవాలి. పరీక్ష కూడా ఆయనే పెట్టాడు. ఆ ఏడు ఊళ్లో అందరికంటే ముందు ఉడికేది కాశీరాం పసుపు. ఆ నీళ్లు నిన్న మోరీలోకి ఒంపమన్నాడు. ఈరోజు చివరి పైపులోంచి తేటగా వస్తే పథకం నిలుస్తుంది. పచ్చగా వస్తే గుంతలు పూడ్చి వెళ్లిపోవడమే.

ఊరంతా పెరట్లోనే ఉంది. గోడలెక్కినవాళ్లు కొందరు, తేటగా వస్తాయా రావా అని పందేలు కాసినవాళ్లు కొందరు. దేవిదాస్ గాజు సీసా పట్టుకుని పైపు ముందు కూర్చున్నాడు.

"తియ్యమంటరా సారూ?" పైపు బిరడా మీద చెయ్యేసి అడిగాడు సర్పంచు హన్మండ్లు.

"తియ్యుండ్రి."

నీళ్లు బుడబుడమంటూ దూకాయి. కంపు లేదు. రవ్వంత కూడా లేదు. నీలవ్వ గుండెల నిండా గాలి పీల్చుకుని సంబరంగా కూతురిని తలుచుకుంది. ఇంతలో గోడమీదివాళ్లు ఉసూరుమన్నారు.

సీసాలో నీళ్లు పచ్చగా ఉన్నాయి.

అందరూ కాశీరాంను తిట్టడం మొదలుపెట్టారు. ఒక్క కడాయి నీళ్లు ఒంపమంటే నాలుగు ఒంపి ఉంటాడని సర్పంచు గొణిగాడు. దేవిదాస్ సీసాకు మూత బిగించి జీపు వైపు నడిచాడు. నీలవ్వ పరుగున వెళ్లి అడ్డం నిలబడింది.

"సారూ, నా బిడ్డ కాన్పుకు రావాలె. ఇంకో గుంత తవ్వుమంటే తవ్వుత. గిట్ల వదిలిపోకుండ్రి."

"రంగు పోలేదు గదవ్వా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "పైవాళ్లకు నేనేం చెప్పాలె?"

అప్పుడే వీధి మలుపులో ఎడ్లబండి కనబడింది. బండి మీద ఇంత పెద్ద కడాయి బోర్లించి ఉంది. బండి ఆగకముందే కాశీరాం దిగి, రొప్పుతూ జీపు దగ్గరికి ఉరికాడు.

"జర ఆగుండ్రి సారూ. కిరాయి కడాయి వేల్పూర్ నుంచి గిప్పుడే దొరికింది. నేనింక పొయ్యి సుత అంటియ్యలే."

దేవిదాస్ సీసా వైపు చూశాడు. తర్వాత వెనక్కి వచ్చి, వంగి, పైపు మూతిలోకి చూశాడు.

నీలవ్వ తన పచ్చటి అరచేతులను మెల్లగా కొంగులో దాచుకుంది.