రెండు వెనక రిమ్ములు

“ఒకటి కాదు మావయ్యా, రెండు కావాలి. రెండూ వెనక చక్రానికి వేసేవే.”

గోడ మేకు నుంచి రిమ్ము దించబోతున్న సైకిల్ షాపాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అసలు ఈ పిల్ల మెట్లెక్కి లోపలికి వచ్చినప్పుడే ఆయన గుండె ఒకసారి జారింది. మిడత చెల్లెలు. ఏడాదిన్నర తర్వాత!

మిడత అని పేరు పెట్టింది ఆయనే. మెట్లు, పిట్టగోడలు, వీధి బెంచీలు, దేని మీదికైనా సైకిల్‌తో సహా ఎగిరి వాలేవాడు. ఆ ఆటలో కాలు నేలకి తగిలితే తప్పు కిందే లెక్క. షాపు ముందున్న మూడు మెట్లూ వాడు ఏనాడూ నడిచి ఎక్కలేదు. సైకిల్ మీదే గెంతుకుంటూ గుమ్మంలోకి వచ్చి, “మావా, టీ!” అనేవాడు.

చివరిసారి వచ్చినప్పుడు చిల్లులు పొడిచిన తేలిక రిమ్ము అడిగాడు. “ఎత్తు నుంచి దిగితే బరువంతా వెనక చక్రం మీదే పడుతుంది. గట్టిది తీసుకోరా” అని ఆయన ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. వారం తిరక్కుండా, పోటీలో ఆ రిమ్ము అట్టముక్కలా మడతపడింది. మర్నాడు ఫోన్ చేస్తే వాళ్లమ్మ తీసింది. “బతికాడు. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకండి” అని పెట్టేసింది. ఆయన మళ్లీ చెయ్యలేదు. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

“మళ్లీ మొదలెట్టాడా?” అని అడిగాడు.

“ఆరు నెలలైంది.”

“మీ అమ్మకి తెలుసా?”

“అమ్మే పంపింది.”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఫోన్‌లో నిప్పులు కక్కిన మనిషి ఈవిడేనా!

“ఏం గెంతుతున్నాడమ్మా ఇప్పుడు?”

“లైబ్రరీ ముందు మెట్లు. ప్రస్తుతానికి మూడు. వచ్చే నెలకి ఆరూ దిగి తీరతానంటున్నాడు.”

“ఆరు మెట్లా! బుద్ధుందా వాడికి?”

“లేదు మావయ్యా” అంది ఆ పిల్ల, ఎప్పట్లాగే నేల చూపులు చూస్తూ. “డాక్టరు కూడా అదే అన్నారు.”

ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పిల్ల గుప్పిట్లోంచి చీటీ తీసింది. మిడత రాతే, కోడి కెలికినట్టుంది. ఇరవై నాలుగు అంగుళాలు. ముప్ఫై ఆరు స్పోకులు. అన్నిటికీ కింద రెండు గీతలు గీసి ఇంకో ముక్క: చిల్లులున్నది వద్దు.

ఆ ముక్క దగ్గర ఆయన కళ్లు చెమర్చాయి. లేచి, గోడకున్న రిమ్ములన్నీ దించాడు. ఒక్కోదాన్నీ వేలికి వేలాడదీసి, స్పోకులు బిగించే తాళంతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. గట్టిది గంటలా మోగుతుంది. ఒకటి పక్కన పడేశాడు. బాగానే మోగినదాన్ని కూడా కంటికి ఆనించి చూసి, వంకరుందని పడేశాడు.

“పెళ్లికొడుకుని చూసేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టరు మావయ్యా.”

“ఒకసారి పెట్టకపోయినందుకేగా తల్లీ ఇదంతా. బరువెంతున్నాడు?”

“తగ్గాడు. భుజాలు మాత్రం ఇంతింతయ్యాయి.”

“కసరత్తు చేస్తున్నాడన్నమాట.”

“పొద్దస్తమానం.”

చివరికి నల్లటివి రెండు మిగిలాయి. “ఏనుగెక్కినా వంగవు ఇవి. ఉండు, అంచులు గీకి ఇస్తా” అంటూ ఆయన గ్రైండర్ అందుకున్నాడు. అంచు గరుకుగా ఉంటే బ్రేకు కరిచినట్టు పడుతుంది. మిడత కొన్న ప్రతి రిమ్మూ ఆయనే అలా గీకి ఇచ్చేవాడు.

“వద్దు! వద్దు!” పిల్ల మొదటిసారి గొంతు పెంచింది. “నున్నగానే ఉండాలట. అన్నయ్య చేతులు చీరుకుపోతున్నాయి.”

“నున్నటి అంచుతో ఆరు మెట్లు దిగుతాడా? బ్రేకు పడకపోతే ఏమైపోతాడే!”

“ఏం కాదు మావయ్యా. అలవాటైపోయింది.”

ఆయన గ్రైండర్ కింద పెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. అన్నీ తెలిసిన తనకే ఈ రోజు ఏదీ బోధపడడం లేదు.

“స్పోకులైనా అల్లి ఇవ్వనా?”

“అన్నయ్యే అల్లుకుంటాడు.”

“మరి రెండోదెందుకమ్మా? మొదటిది వంగితే మార్చుకోడానికా?”

పిల్ల నోరు తెరిచేలోగా వీధిలోంచి కేక వినబడింది. “ఏమే, రిమ్ములు తెస్తున్నావా, కొత్తవి పోత పోయిస్తున్నావా?”

ఆ గొంతుకి షాపాయన ఒళ్లు ఝల్లుమంది.

“వాడొచ్చాడా? ఇంత దూరం వచ్చి బయటే ఉండిపోయాడా?”

పిల్ల మళ్లీ నేల చూపులు చూసింది.

కోపం ఇంకా పోలేదన్నమాట. తన మొహం చూడ్డం ఇష్టం లేదన్నమాట. పోనీ, నాలుగు తిట్లు తిడితే పడదాం అనుకుని, ఆయన గుమ్మం వైపు తిరిగి తనే కేకేశాడు.

“ఏరా మిడతా! కాళ్లకి గోరింటాకు పెట్టుకున్నావా ఏంటి, లోపలికి రావడానికి?”

బయటి నుంచి పెద్ద నవ్వు.

“అలాంటిదే మావా! నువ్వే రా!”

ఆ నవ్వులో కోపం లేదు. ఏడాదిన్నరగా గుండె మీదున్న బండ కాస్త కదిలినట్టయింది. రిమ్ములు చెరో భుజానికి తగిలించుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటిన ఆయన పై మెట్టు మీదే కొయ్యబారిపోయాడు. ఒక రిమ్ము భుజం మీంచి జారి, మూడు మెట్లూ గణగణలాడుతూ దొర్లి, కిందికి పోయింది.

మిడత వీల్‌చైర్‌లోంచి వంగి దాన్ని అందుకున్నాడు.